ఎర్ర రంగు పడ్డ వాలు

రోజలిన్ ఉద్యోగం కొండలకు రంగులు వేయడం. మద్దిలపాలెం ఆఫీసులో కూర్చుని, వానకు మట్టి కోసుకుపోయే చోటుకు ఎరుపు, ఇళ్లు కట్టుకోదగ్గ చోటుకు ఆకుపచ్చ రంగు మ్యాపులో వేస్తుంది. ఈసారి ఆ ఎరుపు వాళ్ల చర్చి కొత్త హాలు కట్టబోయే వాలు మీదే పడింది. పునాదిరాయికి ప్రార్థన కూడా అయిపోయింది. రాయి తెప్పించిన సంఘపెద్ద దేవదానం ఆమెకు స్వయానా మామగారు. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఏటమ్మా, దేవుడి హాలుకీ ఎర్ర రంగేనా?"

"వానకి అది ఎవరి హాలో తెలీదు కదా మావయ్యా!"

మర్నాడే వాన కురిసింది. ఇద్దరూ గొడుగులేసుకుని వాలెక్కారు. హాలు కోసం పాతిన కొయ్యలు ఎర్రనీళ్లలో కిందికి కొట్టుకుపోతున్నాయి. చూస్తుండగానే దేవదానం కాలు జారి బురదలో కూలబడ్డాడు. అక్కడే కూర్చుని పగలబడి నవ్వాడు.

"నానే నిలబడలేకపోతన్నాను, ఇంక హాలేటి నిలబడతాది!"

హాలు కొండ దిగువ చదునుకు మారింది. మరి ప్రార్థన చేసిన రాయి? దాన్ని ఆ వాలు మీంచి కదపడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా పాటలు పాడుతూ రాళ్లు చేతులు మార్చి, మట్టి జారకుండా వాలుకు అడ్డంగా గట్టు కట్టింది. మొదటి రాయి అదే.

తర్వాతి వానకు దేవదానం కొండ మీది నుంచే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మట్టి గట్టుకాడే ఆగిపోయిందే! ఇప్పుడీ ముక్కకి పచ్చరంగు ఏత్తావా?"

"నానెందుకు మావయ్యా? గడ్డి మొలిస్తే అదే ఏసుకుంటాది."