ఆయన పక్కన

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కాగితాల మీదే ఉన్న రోజులవి. మా చర్చిలో ఆఖరి బెంచీ మీద ఒక చేపలావిడ కూర్చునేది. ప్రార్థనలో ఆమె పెదవులు కదిలేవే కావు. పోర్టులో టైపిస్టు ఉద్యోగం కోసం నేను గొణుక్కుంటుంటే ఒకసారి నవ్వింది.

"ఏటమ్మా, రేషన్ షాపుకొచ్చినట్టు లిస్టు సదువుతన్నావ్?"

"మరి నువ్వేం అడుగుతావు?"

"ఏటీ అడగను. ఊరికే ఆయన పక్కన కూకుంటాను," అంటూ గోడమీది శిలువకేసి చూపించింది.

వాళ్ల వాడలో ఎవరి పడవైనా తిరిగి రాకపోతే ఆడవాళ్లంతా వెళ్లి ఆ ఇంటావిడ పక్కన ఇసకలో కూర్చునేవారు. ఓదార్పు మాటలేవీ ఉండవు. సముద్రంకేసి చూస్తూ కూర్చోవడమే.

ఒక తుఫానులో ఆమె పెనిమిటి పడవ రాలేదు. మూడోనాడు ఆదివారం. చీర అంచుకి ఇంకా ఇసక అంటుకునే ఉంది, ఆమె మాత్రం ఎప్పటి బెంచీ మీదే ఉంది. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. హార్బరులో ఓడ కూత కలలోలా వినిపిస్తోంది. నేనే ఉండబట్టలేకపోయాను.

"ఇవాళైనా అడగవా?"

ఆమె శిలువకేసి చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"నా పక్కన వాడంతా కూకున్నారమ్మా. ఆయనా తిరిగి రాని బిడ్డల కోసం నాలాగే ఎదురుసూత్తన్నాడు. ఆయన పక్కన ఎవులు కూకుంటారు?"