చివరి రౌండ్లో నేను చూపించని స్లైడ్లు

చెన్నైలో నా ఉద్యోగం పోయింది. అక్కడ ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఇకనుంచి ఒకరు తయారుచేసిన యాప్‌లో తప్పులు వెతకడం కాదు, అసలు ఏం తయారు చేయాలో నేనే తేల్చాలనుకుని ప్రోడక్ట్ మేనేజర్ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టాను. అద్దె గది ఖాళీ చేసి, సూళ్లూరుపేట దగ్గర పులికాట్ ఒడ్డున ఉన్న అక్క వాళ్లింటికి చేరాను. బావ సరస్సులో రొయ్యల వేటకు వెళ్తాడు.

ఇంటర్వ్యూలన్నీ వీడియో కాల్‌లోనే, మిద్దె మీదైతేనే సిగ్నల్ నిలిచేది. నీళ్ల ట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వెనక ఆరేసిన వలలు కనపడకుండా దుప్పటి కట్టి కూర్చునేదాన్ని. ఒకరు చూపులేని వాళ్లకు అలారం గడియారం ఎలా చేస్తావన్నారు. ఇంకొకరు నెల్లూరులో రోజుకెన్ని ఇడ్లీలు అమ్ముడవుతాయో అంచనా కట్టమన్నారు. నాలుగు కంపెనీలు వద్దన్నాయి, రెండు జవాబే ఇవ్వలేదు. అన్నం కలుపుకుంటూ కూడా ఎడమచేత్తో మెయిల్ చూసుకునేదాన్ని. అక్క కంచం కొంచెం దగ్గరికి జరిపేది.

ఏడో కంపెనీలో నాలుగు రౌండ్లు దాటాను. చివరి రౌండుకు ఒక పని ఇచ్చారు: చిన్న మత్స్యకారులకు పనికొచ్చే యాప్ ఒకటి ఆలోచించి వివరించాలి. ఇది నాకోసమే అడిగినట్టుందనుకున్నాను. మూడు రోజులు కూర్చుని ఇరవై స్లైడ్లు చేశాను. రొయ్య ఎక్కడ బాగా పడుతోందో పడవల వాళ్లు ఫోన్లో గుర్తుపెడితే, అది మ్యాప్ మీద అందరికీ కనిపిస్తుంది. అదీ నా ఆలోచన.

ఇంటర్వ్యూకు ముందురోజు, బావ వేట నుంచి వచ్చి భోంచేశాక ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. చివరిదాకా ఓపిగ్గా చూశాడు.

"రొయ్య యాడ పడతాదో మాకు తెలవకనా?" అన్నాడు. "ఈ పొద్దు ఆ చోటు ఎవురి వంతో, అదీ లెక్క. చీటీలేసి వంతులు పెట్టుకోనుండాం. నువ్వు మ్యాపు చూపించినావంటే అందురూ ఆడికే పోతారు. ఇంక కొట్లాటలే."

వంతులనే యాప్‌లో పెడితే ఎలా ఉంటుందని అడిగాను. అవి తమకు నోటికొచ్చని చెప్పి, చాప పరుచుకుని పడుకున్నాడు.

నాకు ఆయన మీద కోపం వచ్చింది. కాసేపటికి అది నామీదికే తిరిగింది. ఇన్నేళ్లుగా సెలవులకు వచ్చి ఆ రొయ్యలు తిన్నాను గానీ, వంతుల సంగతి ఒక్కసారీ అడగలేదు. స్లైడ్లు అలాగే చూపించినా అందులోని తప్పు కంపెనీ వాళ్లకు తెలియదు. సాయంత్రమంతా మిద్దె మీద అటూ ఇటూ తిరిగాను.

మర్నాడు తెరమీద ఇద్దరున్నారు, ఒకాయన, ఒకావిడ. ఐదో స్లైడ్ దగ్గర ఆగిపోయాను.

"ఇది నిన్నటిదాకా నా ఆలోచన. దీన్ని తయారు చేయకూడదని ఇప్పుడు అనుకుంటున్నాను" అని, బావ చెప్పింది చెప్పాను.

"అయితే ఏం తయారు చేస్తారు?" అన్నాడాయన.

"ఇంకా తెలియదు. ఒక నెల వాళ్లతో పడవల్లో తిరిగితే చెప్పగలను."

ఆవిడ ఏదో రాసుకుంది. ఇంకా పావుగంట ఉండగానే కాల్ ముగించారు.

కిందికి దిగి అక్కకు చెప్పాను.

"అదేందిమే, చేసింది చూపించి వచ్చుండొచ్చు గదా" అంది.

ఆ తర్వాత పదకొండు రోజులు గేటు చప్పుడైనా ఉలిక్కిపడ్డాను. రెండు వాక్యాల మెయిల్ వచ్చింది, తీసుకోలేదని. ఫోన్ చేసి కారణం అడిగితే, నిర్ణయం తీసుకోవడంలో తడబాటు కనిపించిందన్నారని ఆ కంపెనీ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. నిజానికి ఆ ఏడాదంతటిలో నేను తీసుకున్న నిర్ణయం అదొక్కటే. సరేనని ఫోన్ పెట్టేశాను.

రెండు నెలల తర్వాత చెన్నైలో ఒక చిన్న కంపెనీ పిలిచింది. ప్రోడక్ట్ మేనేజర్‌గా కాదు, ఆ పనిలో ఉన్న ఒకావిడకు సహాయకురాలిగా. ఒప్పుకున్నాను. బావ బండి మీద స్టేషన్ దాకా దింపి, వేటకు వేళయిందని వెంటనే వెళ్లిపోయాడు. రైలు వచ్చేదాకా కుదురుగా కూర్చోలేక, ప్లాట్‌ఫామ్ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ జవాబివ్వని ఆ రెండు కంపెనీల నుంచి ఏమైనా వచ్చిందేమోనని మెయిల్ తెరిచి చూస్తూనే ఉన్నాను.