బావ కూర్చున్న గంట

ఈ రోజు పొద్దున నేను తాగాను. అదీ, చనిపోయిన మా బావ కోసం కొన్న సీసాలోంచి.

మా రావల్కోల్‌లో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. బావ ఒకప్పుడు తాగినవాడే గనుక మందు కూడా ఉండాలన్నారు పెద్దలు. నేనే తెస్తానన్నాను. నాలుగేళ్లుగా ముట్టనివాణ్ని, నాకేమవుతుందనుకున్నాను. మేడ్చల్ నుంచి వస్తూ దారిలో బండి ఆపాను. రెండు గుక్కలు. తగ్గినంత మేర నీళ్లు పోసి మూత బిగించాను.

బావ మందు మానింది నా కోసమే. నాకు చికిత్స మొదలైన కొత్తలో డాక్టరు చెప్పాడు, తాగాలన్న కోరిక పాలు పొంగినట్టు పొంగి తగ్గుతుందని, మనసు బాగాలేని రోజు ఆ పొంగు మరీ ఎక్కువని, అది దిగేదాకా పక్కన ఎవరైనా ఉండాలని. నాకది సాయంత్రం ఆరింటికి వచ్చేది. నోరు ఎండిపోయేది, ఇంట్లో గిన్నె చప్పుడైనా కోపమొచ్చేది. నేను కుదిర్చే ప్లాటు బేరం చెడిన రోజు ఇక చెప్పక్కర్లేదు. బావ తూంకుంటలో పని ముగించుకుని, సరిగ్గా ఆరింటికి మా అరుగు మీద కూర్చునేవాడు. పాకంలాంటి చాయ్ తానే పెట్టేవాడు. సంతలో కొన్న గొడ్డు బర్రె కథ ఒక్కటే రోజూ చెప్పేవాడు. "గంటసేపే బామ్మర్ది. గంటసేపు నన్ను ఓర్సుకో, ఇగ మందు యాదికే రాదు" అనేవాడు.

ఈ రోజు కాకి రాలేదు. అలా రాకపోతే పోయినవారికి ఏదో దిగులు మిగిలిందని, ఇంటివాళ్లు ఒక్కొక్కరే విస్తరి ముందు నిలబడి మాటిస్తారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏం మనాది పెట్టుకున్నవయ్యా, పిల్లల నేను సాదుకుంట గద" అంది. తర్వాత నా వంతు వచ్చింది. ఏ మాట ఇవ్వను?

"బావా, తాగిన. నీకు తెచ్చిన సీసలకెల్లే తాగిన."

అందరూ విన్నారు. అక్క నా వైపు తిరిగింది.

"నాలుగేండ్లు నిన్ను పట్టుకోని కూసున్నడు తమ్మీ. మూడొద్దులు ఆగకపోతివి."

కాకి చివరికీ రాలేదు. విస్తరి ఆవుకు పెట్టే ముందు సీసా తీసి ఒంపేశాను. చక్కెర ఎక్కువేసి చాయ్ కాచి, గ్లాసుతో తెచ్చి ఆ చోట పెట్టాను. మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆరింటికి అక్క వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. అక్క వచ్చి, పక్కన కొంచెం దూరంగా కూర్చుంది. బర్రె కథ చెప్పేవాళ్లు లేరు. ఇన్నేళ్లూ గంటంటే అంత పొట్టిదే అనుకున్నాను.