మంచం నుంచి వీధి మలుపు దాకా

మా వదినకు ఊళ్లు చూడాలని ఉండేదా, చూసినవి నలుగురికీ చెప్పాలని ఉండేదా? ఇన్నేళ్లుగా వాళ్ల పక్కవాటాలోనే ఉంటున్నాను, ఆవిడ రాసినదంతా చదివాను. అయినా ఇప్పటికీ తేల్చుకోలేను.

బస్ స్టేషన్‌లో రిజర్వేషన్ కిటికీ వెనక ఉద్యోగం ఆవిడది. ఏ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆ ఊళ్లలో ఒక్కటీ చూసి ఎరగదు. రిటైరయ్యాక అన్నయ్యతో కలిసి తిరగాలనుకుంది. "ఆయన్ని కూడా తీసుకెళ్తున్నావా? సామాను తగ్గించుకో వదినా" అని ఆటపట్టించేవాణ్ణి. బయలుదేరాల్సిన వారంలోనే అన్నయ్య మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తన పాత కిటికీకి ఇవతల నిలబడి టిక్కెట్లు రద్దు చేయించుకుని వచ్చింది.

ఆ తర్వాతే బ్లాగు మొదలుపెట్టింది. ఏడాది పాటు యాత్ర రాస్తానంది.

"ఎక్కడికి యాత్ర?"

"మీ అన్నయ్య ఎంత దూరం నడిస్తే అంత దూరం."

అన్నట్టే రాసింది. మొదట్లో మంచం, కిటికీ, గోడమీద పెచ్చులూడిన చోటు. వాకర్ వచ్చాక వంటింటి గడప. దాన్ని దాటడం గురించి కొండెక్కినంత రాసింది. తర్వాత గేటు, సైకిల్ రిపేరు కొట్టు, చివరికి వీధి మలుపు. ఎక్కడెక్కడివాళ్లో చదివేవారు. "నా తుంటికున్న పేరు నాకు లేదురా" అని అన్నయ్య గొణిగేవాడు గానీ, వచ్చిన వ్యాఖ్యలన్నీ కళ్లజోడు తుడుచుకుని మరీ చదివేవాడు.

ఏడాది నిండేసరికి ఆయన చేతికర్రతో ఒంటరిగా మలుపు దాకా వెళ్లి వస్తున్నాడు. బస్సులో మాత్రం ఎక్కువసేపు కూర్చోలేడు. "నువ్వొక్కదానివే వెళ్లు" అన్నాడు. వదిన సంచీ సర్దుకుంది. ఇక సెలవంటూ బ్లాగులో చివరి టపా పెట్టింది. మర్నాటికల్లా జనం ఆగమని బతిమాలుతూ రాశారు. ఇంకొకటి రాసింది. మళ్లీ అడిగారు, మళ్లీ రాసింది. సంచీలోంచి దువ్వెన బయటికొచ్చింది, తర్వాత తువ్వాలు.

అన్నయ్య ఊరుకోలేదు. "ముక్కూ మొహం తెలియనివాళ్లు అడిగితేనే ఉండిపోయావు. రేపు వెళ్లేటప్పుడు నేను దగ్గితే?"

"దగ్గకండి."

"దగ్గొస్తే?"

"మందు అలమారాలో ఉంది, ఉండండి తెస్తా."

"అదిగో! ఇంకా దగ్గనే లేదు, అప్పుడే లేచావు. నువ్వు కదిలినట్టే!"

నేను కల్పించుకున్నాను. "చదివేవాళ్లకి ఓ మంచిమాట చెప్పి ముగించెయ్ వదినా."

"చెప్పి చూశాగా మరిదీ. నేను చెప్తే వాళ్లు ఉండమంటారు. ఉండమంటే కూర్చుంటాను. కూర్చున్నానా, ఇంక లేవను."

ఆపైన కొత్త టపా రాలేదు. ఆఖరుది సైకిల్ కొట్టు ముందరి నీళ్లతొట్టి గురించి. వారం వారం రాసినట్టే రాసింది, సెలవన్న మాట ఎక్కడా లేదు.

ఒకనాటి ఉదయం నేను వరండాలో పేపరు కోసం చూస్తున్నాను. పక్కవాటా తలుపు మెల్లగా తెరుచుకుంది. భుజాన సంచీ, చేతిలో చెప్పులు, వదిన. లోపల అన్నయ్య మేలుకునే ఉండాలి. నిద్రపోతే ఆయన గురక వీధివీధంతా వింటుంది. వదిన గడప మీద ఒక్క క్షణం ఆగి, గది వైపు చెవి పెట్టింది. గురకా లేదు, దగ్గూ లేదు. నా వైపు చూసింది. నేను పలకరించబోయి నోరు మూసుకున్నాను.

గేటు దాటాక వంగి చెప్పులు వేసుకుంది. ఒక్క మాటా అనకుండా నడిచి వెళ్లిపోయింది.