మొదటి ఆప్షన్ బోణీ

ఆ మధ్యాహ్నం చేవెళ్లలోని మా కిరాణా దుకాణంలో ఉన్నవాళ్లు: బాపు, అమ్మ, నేను. గల్లాపెట్టె పక్కన బల్ల మీద ఉన్నవి: నా ఎంసెట్ ర్యాంకు కార్డు, పోయినేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీట్లు వచ్చాయో చూపే కాగితాలు పదహారు, ఒక లాంగ్ నోట్‌బుక్, ఎర్ర పెన్ను, ఆకుపచ్చ పెన్ను, స్కేలు. వెనక చింతపండు బస్తా. ఆ కాగితాలకు చాలా రోజులు చింతపండు వాసన పోలేదు.

నా ర్యాంకు 19,412. కాలేజీలు ఎంచడానికి నేను పెట్టుకున్న పద్ధతి ఇది: పోయినేడు చివరి సీటు నా కంటే వెనకున్న ర్యాంకుకు వచ్చి ఉంటే ఆకుపచ్చ టిక్కు, ముందున్న ర్యాంకుతోనే అయిపోయి ఉంటే స్కేలు పెట్టి ఎర్ర గీత. ఇరవై ఒక్క కాలేజీలు రాసి ఎనిమిదింటిని కొట్టేశాను. ఆ ఎనిమిదిలో ఒకటి నేను నిజంగా చదవాలనుకున్నది. పదో తరగతిలో సైన్స్ ఫేర్ కోసం మా బడివాళ్లు సిటీలోని ఆ కాలేజీకి తీసుకెళ్లారు. అక్కడి ల్యాబ్‌లో ఒకాయన నన్ను కూర్చోబెట్టి, నాలుగు లైన్ల ప్రోగ్రాం నాతోనే రాయించి, ఒక చిన్న బల్బు వెలిగించనిచ్చాడు. ఆ రోజు నుంచి నాకు కాలేజీ అంటే అదే. కానీ పోయినేడు అక్కడ కంప్యూటర్ సైన్స్ చివరి ర్యాంకు 18,870. అందుకే గీత.

చక్కెర పొట్లాలు కడుతున్న అమ్మ నోట్‌బుక్‌లోకి తొంగి చూసింది.

"నువ్వు రోజూ కలవరించేది గీ కాలేజీయే గాదురా? ఎందుకు కొట్టేసినవ్?"

"రాదమ్మా. ర్యాంకు సాలదు."

"అడిగినవా?" అన్నాడు బాపు.

"అడుగుడేంది బాపూ? పోయినేడు లెక్క ఉన్నది కద."

"పోయినేడు ధరకు ఈ యేడు టమాట ఇస్తరా మన మార్కెట్ల?"

"ఇది టమాట గాదు బాపూ."

"నువ్వు గూడ గవర్నమెంటు గావు. రాయి."

రాస్తే మొదటి ఆప్షన్‌గానే రాయాలని చెప్పాను. అక్కడ బాపు ఆగిపోయాడు. మా దుకాణంలో పొద్దున వచ్చిన మొదటి బేరాన్ని వట్టి చేతులతో పంపరు. రెండు రూపాయలు తగ్గించైనా బోణీ చేస్తారు. మొదటి మాటే "లేదు" అయితే రోజంతా అట్లనే పోతుందని బాపు నమ్మకం.

"మొదటిదే లేదనిపించుకుంటమా? మొయినాబాద్ కాలేజీని మీద రాయి. అది ఖాయంగ వస్తది. నీది రెండోది రాయి."

సీట్లు పంచే కంప్యూటర్ మనం రాసిన వరుసను పైనుంచి కిందికి చూస్తుందని, సీటు దొరికిన మొదటి చోటే ఆగిపోతుందని చెప్పాను. బాణం గుర్తులు వేసి మూడుసార్లు చెప్పాను. "సరే గని, మొయినాబాదే మీద రాయి" అన్నాడు మూడుసార్లూ.

అప్పుడే షాబాద్ బస్సు దిగిన ఒక అవ్వ దుకాణానికి వచ్చింది.

"ఎర్ర సబ్బు ఉంటె ఇయ్యి బిడ్డా. లేకుంటె పచ్చదన్న ఇయ్యి."

బాపు ఎర్రది తీసి ఇచ్చాడు. నేను ఆ మాట అందుకున్నాను. "బాపూ, అవ్వ పచ్చదే ముందు అడిగుంటె ఎర్రది తీస్తుంటివా?"

"ఎందుకు తీస్త? అడిగింది ఇచ్చి పంపుత."

"కంప్యూటర్ గూడ గంతే."

"నా సబ్బు మీద మీకేం పంచాయితీరా?" అంది అవ్వ.

బాపు ఆమెకు చిల్లర ఇచ్చాడు. నోట్‌బుక్‌ను తన వైపు తిప్పుకున్నాడు. "ఐతే నీదే మీద రాయి. మొయినాబాద్ దాని కింద" అన్నాడు. కొట్టేసిన గీత చెరగదు కాబట్టి కొత్త పేజీలో మళ్లీ మొదలుపెట్టాను.

సాయంత్రం షట్టర్ సగం దించి బాపు నాతో నెట్ సెంటర్‌కి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "మొదటిది కష్టం సేటూ, తీసేద్దామా?" అన్నాడు నెట్ సెంటర్ అన్న. "ఉండనియ్. అడుగుతె తప్పా?" అన్నాడు బాపు.

కొన్ని రోజులకు సీటు మొయినాబాద్‌లో వచ్చింది, రెండో ఆప్షన్. ఆ రోజు రాత్రి నేను సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత నాలుగేళ్లు పొద్దున ఏడు నలభై బస్సు, ఎడమవైపు కిటికీ, బాపు నా జేబులో పోసిన వేయించిన పల్లీలు. మొయినాబాద్ వచ్చేసరికి పల్లీలు అయిపోయేవి. ఇప్పుడు సిటీలో ఉద్యోగం. ఇంటికి పోతుంటే, మొయినాబాద్ స్టాపులో బస్సు ఆగగానే ఇప్పటికీ లేవబోతాను.

నేను ఫస్టియర్‌లో ఉండగా మా యేడు చివరి ర్యాంకుల కాగితాలు వచ్చాయి. మొదటి ఆప్షన్ ఎక్కడ ఆగిందని బాపు అడిగాడు. 19,380 అని చెప్పాను.

"చూసినవా, ధర దిగిందా లేదా?" అన్నాడు.

దిగింది. నా దాకా రావడానికి 32 ర్యాంకులు తక్కువయ్యాయి.