రాయలేకపోయిన హాస్యనవల

అమ్మ పోయాక చుట్టాల్లో చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు, మీ అమ్మ మీద హాస్యనవల ఎప్పుడు రాస్తావని. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర అమ్మ సంగతులు చెప్పి వాళ్లను నవ్వించింది నేనే కాబట్టి అలా అడగడంలో తప్పు లేదు. మొదలుపెట్టాను కూడా. ఒక వింత తల్లి, ఆమెను కనిపెట్టుకుని ఉండే కూతురు. మొదటి అధ్యాయం నవ్వొచ్చేలాగే కుదిరింది. తర్వాతది కుదరలేదు. ఎందుకో చెప్పాలంటే మేకుల సంగతి నుంచి చెప్పాలి.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. నాన్న నా చిన్నతనంలోనే పోయారు. ఇంట్లో అమ్మా నేనూ, వెనక కొబ్బరితోట. రాజోలులో ఉండే మా బాబాయిగారు, అంటే నాన్న తమ్ముడు, తోట వ్యవహారాలు చూసేవారు. అమ్మ తీరు ఆయనకు నచ్చేది కాదు. కాయలు దింపే రోజున, చెట్టెక్కిన మనిషికి టీ ఇచ్చి, చెట్టు మొదట్లో కూడా ఒక గ్లాసు పోసేది. "అతనొక్కడికే ఇస్తే ఆవిడేమనుకుంటారు?" అనేది. ఆవిడంటే చెట్టు. నాకు కాలేజీకి ఆలస్యమైతే రోడ్డు మీదకు వెళ్లి గరిటె అడ్డంపెట్టి బస్సు ఆపేది. "కాస్త ఆగండి బాబూ, అమ్మాయి జడేసుకుంటోంది."

నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో గ్యాసు పైపు కోసం కొలతలు తీసేవాళ్లు వచ్చారు. మా తోటలోనూ చుట్టుపక్కల తోటల్లోనూ ఎర్రగుడ్డ కట్టిన చెక్క మేకులు పాతి వెళ్లారు. మర్నాడు అమ్మ వాటన్నిటినీ పీకింది. మట్టి కడిగింది. గుడ్డలు విప్పి ఉతికి ఆరేసి మళ్లీ కట్టింది. సంచిలో సర్ది, పైన రెండు కొబ్బరికాయలు పెట్టి, వాళ్ల జీపు వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడి చేతికిచ్చింది.

"మా తోటలో మర్చిపోయేరండీ. పక్క తోటల్లోవి కూడా ఏరి తెచ్చేను."

ఫిర్యాదు మండలాఫీసుకు వెళ్లింది. అక్కడి నుంచి కబురు అందుకుని బాబాయిగారు కోపంగా వచ్చారు.

"వదినకి మతి సరిగ్గా లేదమ్మాయ్. ఈ ఇంటికి తాళం వేసి ఇద్దరూ మా దగ్గరికి వచ్చేయండి. రేపు ఇంకేం పీకుతారో ఎవరికి తెలుసు?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఇల్లూ ఆ తోటా లేకుండా అమ్మ ఉండలేదని నాకు తెలుసు. ఏం చెయ్యాలో తోచక, జరిగింది జరిగినట్టు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. తాడు మీద ఎర్రగుడ్డలు చూసి పక్కింటావిడ "ఎలక్షన్లొచ్చేయా అండీ?" అని అడగడం, అమ్మ "ఏమోనండీ, సర్ఫు మాత్రం అయిపోయింది" అనడం, జీపులో పెద్దమనిషి కొబ్బరికాయలు ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి ఉండిపోవడం. బాబాయిగారు కాసేపు నవ్వు బిగబట్టారు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

"ఉతికేరా! ఉతికేరటే!" అన్నారు. తాళం మాట మళ్లీ ఎత్తలేదు.

మనుషులు నవ్వితే భయపడరని నాకు ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి అమ్మ ఏం చేసినా ఇతరుల నోట పడకముందే నేనే చెప్పేసేదాన్ని, నవ్వొచ్చేలా. అమ్మ కూడా పక్కన కూర్చుని వినేది. నేనేదైనా వదిలేస్తే అందించేది.

తర్వాత నేను అమలాపురంలో ఒక స్కూల్లో టీచరుగా చేరాను. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది.

"కూర్చోండమ్మా. ఏ ఊరండీ మీది? ఎవరి తాలూకు?"

ఇదేదో కొత్త సరదా అనుకున్నాను. "ఈ ఇంటావిడ తాలూకేనండీ," అన్నాను.

"అలాగాండీ! ఆవిడ ఇప్పుడే అలా బయటికెళ్లేరు. వచ్చేస్తారు, కూర్చోండి."

నేను పగలబడి నవ్వాను. అమ్మా నవ్వింది. స్టాఫ్ రూములో చెప్పాను. బాబాయిగారమ్మాయి పెళ్లిలో చెప్పాను. నేను చెప్పిన వాటిలో దానికి నవ్వినంతగా జనం దేనికీ నవ్వలేదు.

కొన్నాళ్లకు అమ్మ మళ్లీ అలాగే కుర్చీ వేసింది. ఈసారి తనూ ఎదురుగా కూర్చుని, ఇంటావిడ ఇంకా రాలేదేమని వీధివైపు చూస్తూ ఉండిపోయింది. చీకటి పడుతున్నా లేచి పొయ్యి ముట్టించలేదు. తన ఇల్లు కాదు కదా.

బాబాయిగారికి ఫోన్ చేసి, అమ్మను కాకినాడలో పెద్ద డాక్టరుకు చూపించాలి, మీరూ రండి అన్నాను. ఆయన వచ్చారు. ఆ పూట అమ్మ బాగానే ఉంది, కాఫీ కలిపి ఇచ్చింది. నేను ఏ రంగూ పులమకుండా జరుగుతున్నదంతా చెప్పాను.

"అదే కదమ్మా నువ్వు పెళ్లిలో చెప్పింది!" అన్నారు ఆయన. "ఇవాళేంటి, సరిగ్గా చెప్పలేదు?"

"అవునే," అంది అమ్మ. "అంత చప్పగా చెప్తే ఎలా? నేను నీళ్లిచ్చేనని చెప్పనే లేదు. కుర్చీ దగ్గర్నించి చెప్పు."

వద్దన్నాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఊపింది. "చెప్పవే. నువ్వు చెప్తే బాగుంటుంది."

చెప్పాను. కుర్చీ దగ్గర నుంచి. ఇద్దరూ నవ్వారు. బాబాయిగారు నవ్వుతూనే చెప్పులేసుకున్నారు.

"మా వదినకేం, బంగారంలా ఉన్నారు! దసరా వెళ్లనీ, చూద్దాం," అని బస్సుకు వెళ్లిపోయారు.

మర్నాడు అమ్మను తీసుకుని నేనొక్కదాన్నే కాకినాడ వెళ్లాను. డాక్టరుగారు నెమ్మదస్తుడు. ఎప్పటి నుంచి ఇలా ఉంటున్నారు, మొదట ఏది జరిగింది, తర్వాత ఏది అని అడిగారు. నాకు అన్నీ గుర్తున్నాయి, కానీ చెప్పే వరసలోనే. ఏది ముందు చెబితే దేనికి బాగా నవ్వుతారో తెలుసు. ఏది ముందు జరిగిందో తెలియలేదు. మేకులు కడిగినప్పుడు అమ్మ అమ్మేనా, అప్పటికే ఈ జబ్బు మొదలైందా అన్న అనుమానం మొదటిసారి అక్కడే వచ్చింది. అది ఇప్పటికీ తీరలేదు. డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టి, అమ్మవైపు తిరిగారు.

"ఈవిడ మీకేమవుతారండీ?"

అమ్మ నన్ను చూసింది. నేను ఏమైనా అందిస్తానేమోనని ఆగింది. నేను అందించలేదు.

"చాలా మంచావిడండీ," అంది చివరికి. "బస్సులో కిటికీ పక్కన సీటు నాకిచ్చేరు."

డాక్టరుగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. ఆ మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.