వియ్యంకుడి ఇంటికి పారిపోయిన భయం

బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సులో పక్క సీటాయన పేపరు చదువుతున్నాడు. ఒక పేజీలో సముద్రం మన తీరాన్ని మింగేస్తుందని, ఇంకో పేజీలో కోడిమాంసం తింటే ప్రాణం పోతుందని రాశారు.

నాకు నోరు ఆగలేదు. "ఇవన్నీ పేపర్లు అమ్ముకోవడానికేనండీ. రెండో ప్రపంచ యుద్ధంలోనూ బాంబులంటూ జనాన్ని పరుగులు పెట్టించారు. బందర్లో ఒక్కటైనా పడిందా? దాని మీదే పుస్తకం రాస్తున్నాను. లైబ్రరీలో నేను చదవని కాగితం లేదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "నేనూ దాని మీదే పుస్తకం రాస్తున్నానండీ. బాంబులు సముద్రం మీంచి వస్తాయని మా తాతగారు బండి కట్టించుకుని దివిసీమలో సముద్రం పక్క ఊరికే వెళ్ళిపోయారు."

"అదేంటండీ, సముద్రం దగ్గరికేనా?"

"వియ్యంకుడి ఇల్లు అక్కడుంది మరి! భయమేస్తే మనిషి మ్యాపు చూస్తాడా? చుట్టాన్ని చూస్తాడు గానీ."

నాకు కడుపు మండిపోయింది. అన్నేళ్ళ చదువులో నాకు ఓడలు దొరికాయి, విమానాలు దొరికాయి. ఆ వియ్యంకుడు మాత్రం దొరకలేదు.

ఆయన పెడనలో దిగిపోయాడు. పేరైనా అడగలేదు.

నా పుస్తకం వచ్చి చాలా ఏళ్ళయింది. లైబ్రరీకి కొత్త పుస్తకాలు వస్తే ఇప్పటికీ ముందు వాటిలో ఆ వియ్యంకుడి కోసమే వెతుకుతాను. లేడని తేలాక హాయిగా కూర్చుని పేపరు చదువుకుంటాను.